ఎల్లమ్మబాయి నీళ్ళు

మర్రిగూడ దిక్కున్న బోడగుట్టపల్లెలో తాగే నీళ్ళకు బావి ఒక్కటే. ఊరికి తూర్పున, కుంట కట్ట దిగువన, ఎల్లమ్మ గద్దెను ఆనుకుని ఉండేది. ఎల్లమ్మబాయి అనేవారు. పొద్దున్నే మొదటి చేద వేసే ఆడమనిషి ముందు గద్దె దిక్కు తిరిగి దండం పెట్టుకుని, తోడిన నీళ్ళలోంచి దోసెడు అమ్మవారి మీదికి చల్లి, ఆ తరువాతే కుండ నింపుకునేది. నీళ్ళు కొంచెం మట్టిరంగు. అయితేనేం, ఆ నీళ్ళతో జొన్న గటక చక్కగా ఉడికేది. ఎండన పడి వచ్చినవాడికి ఒక్క చెంబుతో ప్రాణం లేచొచ్చేది.

రెండో బావి పడమర దిక్కున, బోడగుట్ట కింద, రాయి తొలిచి తవ్వింది. గట్టుబాయి. అందులో నీళ్ళు అద్దంలా తేటగా ఉండేవి కానీ నోట్లో పోసుకుంటే నాలుక మీద జారుడుగా, చప్పగా తగిలేవి. పశువులకు, బట్టలకు, మోట కట్టి మళ్ళు పారించడానికి వాడేవారు. తాగడానికి ఎవరూ తేరు. ఎందుకని అడిగితే కారణమూ చెప్పలేరు. పెద్దలు తాగలేదు కనుక మేమూ తాగం అనేవారు.

రజాకార్ల గడబిడ సద్దుమణిగి, పారిపోయినవాళ్ళు తిరిగొచ్చి, ఊరు మళ్ళీ జాతరలు చేసుకుంటున్న కాలం. లింగస్వామి పెళ్ళాం భద్రమ్మకు ఆ ఏడు ఒక మొక్కు ఉంది. చంకదిగని కూతురు నర్సింగమ్మకు అమ్మవారు పోసి, వేపమండల మీద పడుకోబెట్టి, ఇక ఆశ లేదనుకున్నాక బతికింది. బిడ్డ బతికితే జాతరనాడు గొంతులో చుక్క నీరు పడకుండా గద్దె అలికి, ముగ్గేసి, సాయంత్రం బోనమెత్తుకుంటానని భద్రమ్మ మనసులో మొక్కుకుంది. మొక్కు తీరేదాకా బయటికి చెబితే ఫలం పోతుందని తల్లి చెప్పిన మాట. అందుకని మొగుడికి కూడా చెప్పలేదు.

ఎల్లమ్మకు గుడి లేదు. గద్దె మీద ఒక రాయి, దానికి వెండి కండ్లు. జాతర పొద్దున కులపెద్ద కాటమయ్య ఆ కండ్లు ఊడదీసి, పాత మైనం గీకి పక్కన పెట్టి, ఆముదంలో కలిపిన సిందూరం రాతికంతా దోసిళ్ళతో మెత్తేవాడు. తండ్రి తరువాత ఆయన, ప్రతి ఏడూ ఆ చేతులే. పాత పూత గీకే పని లేదు. పూత మీద పూత. అలా పెరిగి పెరిగి ఆ రాయి కూర్చున్న మనిషంత అయింది. మెత్తడం అయ్యాక కొత్త మైనంతో కండ్లు అతికించి, అమ్మ చూస్తోంది అని ఆయన కేక వేస్తే డప్పులు లేచేవి.

ఆ ఏడు డప్పులు లేవలేదు.

"కండ్లేవి?" అన్నాడు కాటమయ్య.

భద్రమ్మ గద్దె ముందర వంగి ముగ్గు కలుపుతోంది. తననే అడుగుతున్నాడని తెలియలేదు.

"నిన్నే, కోడలా. గీడ రాతి మొదట్ల పెట్టిన. ఏవి?"

"నేను సూడలే, పెద్దమామా."

"సూడకపోతే గాలికి లేసిపోయినయా?"

జనం మూగారు. ముగ్గంతా తొక్కి వెతికారు. పేడనీళ్ళ తట్ట బోర్లించారు. వేపాకులు దులిపారు. "అమ్మే లేసి ఎటన్న పోయిందేమో, కల్లు మండువ కాడ సూడున్రి" అని ఒకడంటే నలుగురు నవ్వారు. కాటమయ్య నవ్వలేదు. గద్దె దగ్గరికి ఆ పొద్దున వచ్చినవాళ్ళు కొద్దిమందే. బోనం వండడానికి కొత్త పటువ తెచ్చిన కుమ్మరి బిక్షమ్మ, దీపంలో నూనె పోసిన హనుమమ్మ, అలికి ముగ్గేసిన భద్రమ్మ. హనుమమ్మ లింగస్వామి వదినె. భద్రమ్మకు తోడికోడలు.

"ఠాణా దాకా ఎందుకు? మన అమ్మది మనకాడనే తేలాలె. బియ్యం తీస్కరాన్రి" అన్నాడు కాటమయ్య.

బియ్యం పరీక్ష ఆ ఊరికి కొత్త కాదు. అమ్మ ముందు పెట్టిన పచ్చి బియ్యం పిడికెడు నోట్లో పోసుకుని నమిలి మోదుగాకులో ఉమ్మాలి. తప్పు చేయనివాళ్ళది తడిగా, ముద్దగా వస్తుంది. తప్పు చేసినవాళ్ళ నోరు అమ్మ ఆర్పేస్తుంది, బియ్యం పిండిలా పొడిగా రాలుతుంది. దీన్ని తప్పించుకున్న దొంగ లేడని అందరూ అనేవారు.

భద్రమ్మకూ ఆ బియ్యం మీద నమ్మకమే. అందుకే తన వంతు వచ్చినప్పుడు భయపడలేదు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. ముందు బిక్షమ్మ ఉమ్మింది, తడి. హనుమమ్మ ఉమ్మింది, తడి. భద్రమ్మ బియ్యం నోట్లో పోసుకుంది. నమిలింది. నాలుక ఒక చెక్కముక్కలా కదిలింది. నిన్న మాపటి నుంచి లోపలికి చుక్క నీరు పోని నోరు అది. దవడలు నొప్పి పుట్టేదాకా నమిలింది. ఆకులో ఉమ్మితే జొన్నపిండి జల్లెడలోంచి రాలినట్టు రాలింది.

భద్రమ్మ ఆకులోని ఆ తెల్లటి పొడి వంక చూస్తూ ఉండిపోయింది. నేనేనా తీసిన, అని ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది. కొంగు విప్పి చూసుకుంది. అందులో ముగ్గు చారలు తప్ప ఏమీ లేవు.

ఆ రాత్రి భద్రమ్మ మొక్కు సంగతి బయటపెట్టాక లింగస్వామి కాటమయ్య ఇంటికి పరుగెత్తి, అది ఒక్కపొద్దు ఉంది, నోరు ఎండిపోయి ఉంది అని మొత్తుకున్నాడు. కాటమయ్య విన్నాడు. వినకుండా తోలెయ్యలేదు. చివరికి అన్నాడు: "ఒక్కపొద్దున్న మనిషిని అమ్మ ఇంక ఎక్వ కాపాడాలె గద, లింగస్వామీ. నోట్ల తడి పుట్టిచ్చుడు అమ్మకెంత పని?"

లింగస్వామి లేచి ఇంటికొచ్చి ఆ మాట భద్రమ్మకు చెప్పాడు.

శిక్ష వేయడంలో కాటమయ్య కఠినంగా ఏమీ లేడు. వెలి వేయలేదు. చాకలి, మంగలి, కూలినాలి ఏదీ ఆపలేదు. "అమ్మ కండ్లు తీసిన చెయ్యి అమ్మ నీళ్ళు ముట్టొద్దు. గద్దె ముందర గడ్డి కరిచి నేనే తీసిన అని ఒప్పుకుని, కండ్లు తెచ్చి పెట్టినదాక ఎల్లమ్మబాయి చేద ఆ ఇంటోళ్ళకు బంద్" అన్నాడు. చిన్న శిక్షే, మన కాటమయ్యది మెత్తని గుండె అనుకున్నారు ఊళ్ళో. నిజం చెప్పాలంటే భద్రమ్మ కూడా అలాగే అనుకుంది. నీళ్ళదేముంది, ఏ బావివైనా నీళ్ళే.

మరునాటి నుంచి ఆమె కుండ పడమరకు తిరిగింది.

మొదట్లో ఆ నీళ్ళు ఎవరికీ పట్టలేదు. అంబలి కాచితే వాసన వేరేగా వచ్చేది. కుండ అడుగున తెల్లటి పొర కట్టేది, ఎంత తోమినా పోయేది కాదు. నర్సి చెంబు మూతి దగ్గరే మొహం తిప్పుకునేది. తరువాత తాగడం నేర్చుకుంది. పిల్లలు ఏదైనా నేర్చుకుంటారు. కొన్నాళ్ళు హనుమమ్మ చీకటి పడేవేళ గోడ మీదుగా సగం కుండ ఎల్లమ్మబాయి నీళ్ళు వంచేది. "బిడ్డకు దూపైనప్పుడు తాపియ్యే చెల్లె, ఎవలకు జెప్పకు" అనేది. ఆ శ్రావణంలో హనుమమ్మ ఎద్దుకు పాము కరిచింది. ఎద్దు పోయిన మరునాటి సందె నుంచి గోడ అవతల ఏ చప్పుడూ లేదు. వారం గడిచాక దారిలో కనబడి, తల వంచుకుని, "నాకు గా ఒక్క ఎడ్ల జతే ఉండె, చెల్లె" అంది. భద్రమ్మకు ఆమె మీద కోపం రాలేదు. ఎద్దు చచ్చిన ఇంటికి పరామర్శకు కూడా పోయొచ్చింది.

లింగస్వామి మెత్తని మనిషి. చాలా రోజులు ఆగి ఒకనాడు చేలో కందికర్రలు కోస్తూ అడిగాడు.

"నువ్వు తియ్యలేదని నాకెరుకే భద్రీ. అయినగాని ఒక్క మాట అనరాదు? నోటి మాటనే గద. గడ్డి కరిస్తే ఏం బోతది?"

"నర్సి దొంగదాని బిడ్డయితది."

"ఇప్పుడు గాదా మరి?"

"ఇప్పుడు వాళ్ళంటున్నరు. అప్పుడు నేనే అన్నట్టయితది."

లింగస్వామి మళ్ళీ వంగి కోసుకుంటూ పోయాడు. ఆ తరువాత ఆ మాట ఎత్తలేదు.

ఏండ్లు గడిచాయి. నర్సికి పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చాయి. వాటి మీద గోధుమరంగు చారలు. బొగ్గుతో తోమినా, వేపపుల్లతో తోమినా పోలేదు. ఆ తరువాత మోకాళ్ళు లోపలికి తిరగడం మొదలయింది. ముందు పరుగెత్తితే ఒకదానికొకటి తగిలేవి. తరువాత నడిస్తే తగిలేవి. తోటి పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే అరుగు మీద కూర్చుని, "గీత తొక్కినవ్! నువ్వు అవుటు!" అని తీర్పు చెప్పేది. లింగస్వామికి మెడ బిగుసుకుంది. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పేవాడు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఎద్దుబండి మళ్ళినట్టు మళ్ళేవాడు.

ఊరు ఇదంతా చూస్తూనే ఉంది. అంతవరకు భద్రమ్మ తీసిందా అని తటపటాయించిన ఒకరిద్దరికి కూడా ఇక అనుమానం మిగల్లేదు. "అమ్మ కండ్లు అది తీసె. దాని బిడ్డ కాళ్ళు అమ్మ తీసె" అనేవారు గట్టుబాయి దగ్గర బట్టలుతికే ఆడవాళ్ళు, భద్రమ్మ వినేటట్టుగానే. ఒకామె నర్సి గడ్డం పట్టుకుని, "ఏం జేస్తవ్ బిడ్డా, కన్నోళ్ళ పాపం" అని నిజంగానే కండ్లనీళ్ళు పెట్టుకుంది. భద్రమ్మ తన కుండ తాను నింపుకుని వచ్చేది. మొదట్లో ఆ మాటలకు ఇంటికొచ్చి ఏడ్చేది. ఎప్పుడు మానిందో ఆమెకు గుర్తులేదు. ఒకనాడు కుండ దించి, ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడి చూసింది. రాలేదు. పొయ్యి ముట్టించుకుంది.

నర్సి గడప దాటడానికి గోడ పట్టుకోవలసి వచ్చిన ఏడు, ఆముదాలు అమ్మిన పైసలతో లింగస్వామి కూతుర్ని బండిలో, తరువాత బస్సులో నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. భద్రమ్మ వెంట ఉంది. డాక్టరు కాళ్ళ వంక చూసి, పిల్లను నోరు తెరవమన్నాడు. కాళ్ళకు, నోటికి ఏం సంబంధమో వాళ్ళకు అర్థం కాలేదు. పండ్లు చూశాక లింగస్వామిని తల పక్కకు తిప్పమన్నాడు. లింగస్వామి ఒళ్ళంతా తిప్పాడు.

"ఏ నీళ్ళు తాగుతారు?"

"బాయి నీళ్ళే సారూ. గట్టుబాయి."

"ఊరంతా అవే తాగుతారా?"

"లేదు. మేమే."

"మీరొక్కళ్ళే ఎందుకు?"

లింగస్వామి నేల చూశాడు. భద్రమ్మ నర్సి జాకెట్టు గుండీ పెడుతూ, "గట్ల నడుస్తాంది సారూ" అంది.

డాక్టరు ఇంకేమీ అడగలేదు. "ఇది పాపం, శాపం కాదమ్మా. రోగం ఆ నీళ్ళలో ఉంది. ఈ జిల్లాలో ఇట్లాంటి బావులు చాలా ఉన్నాయి. వంగిన ఎముక తిన్నగా కాదు. నీళ్ళు మారిస్తే ఇక్కడితో ఆగొచ్చు" అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ దగ్గర నర్సి కూర్చుని, పోయే చెట్లను చూసి నవ్వుకుంటోంది. బస్సు ఎక్కడం ఆమెకు అదే మొదలు. భద్రమ్మ ఆ పిల్ల మోకాళ్ళ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పాపం కాదట. అది వినాలని ఎన్నేండ్లో ఎదురుచూసింది. విన్నాక ఏదో అవుతుందనుకుంది. బస్సు దారిలో ఒక అంగడి దగ్గర ఆగింది, జనం ఎక్కారు, మళ్ళీ కదిలింది. ఏమీ కాలేదు.

ఊరు చేరగానే లింగస్వామి కాటమయ్య దగ్గరికి పోయాడు. కాటమయ్యకు అప్పటికి చూపు బాగా తగ్గింది. గుమ్మంలో ఎవరు నిలబడ్డారో గొంతు విని గుర్తుపట్టేవాడు.

"డాక్టరు నీళ్ళే అంటున్నడు, పెద్దనాయినా. బిడ్డకన్న ఇడువు. ఒక్క కుండ."

"నేనేడ ఆపినరా? తొవ్వ ఉన్నది గద. ఒప్పుకొమ్మంటి. ఎన్నటికన్న ఒప్పుకుంటదని ఎదురు సూసుడే నాకాయె. నీ బిడ్డను జూసినంక నాకు బువ్వ దిగుతదనుకున్నవా?"

అబద్ధం కాదు, ఆయనకు బాధగానే ఉంది.

లింగస్వామి వచ్చి ఆ మాట చెప్పేసరికి భద్రమ్మ పొయ్యి ముందు గటక కలుపుతోంది. కలపడం ఆపలేదు.

"రేపు మంగళారం. పోయి చెప్త."

"ఏమని?"

"తీసిన అని."

లింగస్వామి కూలబడ్డాడు. "గిన్నేండ్లు ఆగితివి గదనే. ఇప్పుడెందుకే? నాకు జెప్పబుద్ధయితలేదు గని... వద్దు భద్రీ."

"పొయ్యారుతాంది. గా రెండు పుల్లలిటు ఇయ్యి" అంది భద్రమ్మ.

మంగళవారం పొద్దున కుంటలో మునిగి, తడిచీరతో గద్దె చుట్టూ తిరిగి, నోట గడ్డి కరిచి నిలబడింది. గడ్డి కరిచి మాట్లాడితే మాట సరిగా రాదు. కాటమయ్య గడ్డి తీసి చెప్పమన్నాడు. తీసి చెప్పింది, మళ్ళీ కరిచింది. మళ్ళీ తీసి చెప్పింది. ముమ్మారు చెప్పాలి.

"కండ్లేం జేసినవ్?"

దానికి జవాబు ఆమె ఆలోచించుకుని రాలేదు. "భయమై బాయిల ఏసిన" అంది.

"ఏ బాయి?"

"గట్టుబాయి."

జనంలోంచి ఒక నిట్టూర్పు లేచింది. "సూసినవా! అందుకే గా బాయి నీళ్ళే తాపిచ్చింది అమ్మ!" అంది ఒక ముసలామె, గుండె మీద చెయ్యి పెట్టుకుని. అందరూ తలలూపారు. అంత బాగా అతికింది. భద్రమ్మకు కూడా ఎక్కడో, ఇది నిజమే అయ్యుంటే ఎంత తేలిక, అనిపించింది.

పోయిన కండ్లకు బదులు కొత్తవి పెట్టాలి గనుక ఆమె కాళ్ళ కడియాలు తీసి ఇచ్చింది. తల్లి పెట్టినవి. ఔసలాయన కొలిమిలోకి గొట్టం ఊదుతుంటే మూసలో అవి వంగి, మెత్తబడి, నీళ్ళయ్యాయి. కొత్త కండ్లు పాతవాటికంటే పెద్దగా వచ్చాయి. అమ్మ మొహం వింతగా, ఏదో చూసి ఉలిక్కిపడ్డట్టు అయింది. రెండు జాతరలు గడిచేసరికి ఆ మొహమే అలవాటైంది.

కాటమయ్య తన చేతులతో చేద తాడు భద్రమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె గద్దెకు దండం పెట్టి, దోసెడు చల్లి, కుండ నింపింది. ఆడవాళ్ళు జరిగి జాగా ఇచ్చారు. హనుమమ్మ కుండను ఆమె తలకెత్తింది. ఇంటికి వచ్చి భద్రమ్మ మొదటి చెంబు నర్సికి ఇచ్చింది. నర్సి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"అవ్వా, గీ నీళ్ళు బాలేవే. మట్టి వాసనొస్తున్నయ్."

"తాగు. అలవాటైతది."

తాను కూడా ఒక చెంబు తాగింది. ఈ నీళ్ళ కోసమే కదా అనుకుంటూ తాగింది. పాత రుచి ఎలా ఉండేదో గుర్తుకు రాలేదు. నీళ్ళలాగే ఉన్నాయి.

డాక్టరు అన్నట్టే ఆగింది. నర్సి కాళ్ళు ఇంకా వంగలేదు. తిన్నగానూ కాలేదు. ఆమె నీడపట్టున కూర్చుని ఆముదపు కాయలు కొట్టి గింజలు వేరు చేయడంలో చురుకుదేరింది. చేతులకు ఏ లోపం లేదు. ఊరు భద్రమ్మను క్షమించింది. అంటే దొంగ అన్న మాట పోలేదు కానీ, ఒప్పుకున్న దొంగ అయింది. "తప్పు జేసినా ఒప్పుకున్నది, గుణమున్న మనిషి" అనేవారు. పేరంటాలకు పిలిచేవారు, పసుపు కుంకుమ ఇచ్చేవారు, ఆమె పోయేటప్పుడు ఎక్కడి వస్తువు అక్కడ ఉందా అని ఒకసారి కండ్లతో చూసుకునేవారు.

వాన లేని ఏడొకటి వచ్చింది. వేసంగి ఎండ మునుపెన్నడూ లేనంతగా కాసింది. ఒక మధ్యాహ్నం ఎల్లమ్మబాయి దగ్గర నీళ్ళ కోసం కాచుకున్న ఆడవాళ్ళకు గోడ పెళ్ళ విరిగిపడ్డ చప్పుడు వినబడింది. చూస్తే గద్దె మీద అమ్మ మొహం లేదు. తరతరాల సిందూరం పగిలి, పెళ్ళలు పెళ్ళలుగా కింద పడింది. లోపల మోకాలెత్తు నల్లరాయి, ఇప్పుడే తవ్వి తీసినట్టు తడిగా మెరుస్తోంది. ఇంత చిన్నదా అమ్మ, అనుకున్నారు.

పెళ్ళలు ఏరుతుంటే రాతి మొదట్లో ఊడిన ముద్దలో, చింతపండులో గింజల్లా, రెండు వెండి కండ్లు. నల్లబడ్డాయి. వాటి చుట్టూ గట్టిపడిన సిందూరం మీద మనిషి వేళ్ళు ఒత్తిన గీతలు. ఆ వేళ్ళు ఎవరివో చెప్పనక్కరలేదు.

హనుమమ్మ కుండ అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. భద్రమ్మ వాకిట్లో కందిపప్పు చెరుగుతోంది.

"చెల్లె! అమ్మ కండ్లు దొరికినయే!"

"ఏ కండ్లు?" అంది భద్రమ్మ.

"ఆనాటియి! పోలే! అసలు పోనే లేదే! సిందూరంల ఉన్నయ్!" హనుమమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. "నేను నీళ్ళు బంద్ జేస్తినే నీకు. నా ఎద్దు జచ్చిందని బంద్ జేస్తినే."

భద్రమ్మ చేట పక్కన పెట్టి, లోపలికి పోయి ఆమెకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

సాయంత్రానికి కులం కూడింది. కాటమయ్యను ఇద్దరు పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. ఆ పెళ్ళను ఆయన ఒళ్ళో పెట్టారు. ఆయన దాన్ని కండ్లతో కాదు, వేళ్ళతో చూశాడు. గీతల్లో వేలు పెట్టి చూశాడు. సరిగ్గా పట్టింది. చాలాసేపు తీయలేదు.

"మరి బియ్యం?" అన్నారెవరో.

"అమ్మ పరీచ్చ పెట్టింది" అన్నారు ఇంకెవరో.

"ఎవలకు? మనకా, దానికా?"

అప్పుడు ఆ ముసలామే, గట్టుబాయి మాట విని గుండె మీద చెయ్యి పెట్టుకున్నామె, గట్టిగా అంది: "అదంత ఇడువున్రి. తియ్యనిది తీసిన అని అమ్మ ముందర ముమ్మారు ఎట్ల జెప్పింది? గడ్డి కరిచి మరీ! మనం జేసిందంటే తెల్వక జేసినం. ఇది తెలిసి అబద్ధమాడె!"

కూర్చున్నవాళ్ళలో ఒక కదలిక పుట్టింది. చాలాసేపటి నుంచి ఎటు చూడాలో తెలియక ఉన్న కండ్లన్నిటికీ చూడడానికి ఒక చోటు దొరికింది. "ఔ, గది గూడ నిజమే" అన్నారు. "బాయిల ఏసిన అని కూడ జెప్పె గద!"

కాటమయ్య తల ఎత్తాడు. "ఎందుకు ఒప్పుకున్నవ్, కోడలా?" ఆ గొంతులో దబాయింపు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది.

భద్రమ్మ ఆలోచించింది. డాక్టరు మాట, బస్సు, నర్సి మోకాళ్ళు, అవన్నీ ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తోచలేదు.

"దూపైంది, పెద్దమామా" అంది.

పదిమంది కూడాక ఏదో ఒకటి తేల్చకుండా లేవడం ఆ ఊరి వాడుక కాదు. అబద్ధమాడినందుకు భద్రమ్మ ఒక కోడిని కోసి కొబ్బరికాయ కొట్టాలి. అమ్మకిచ్చిన వెండి తిరిగి తీసుకోకూడదు కనుక కడియాల కండ్లు అమ్మకే ఉంటాయి. పాత కండ్లు పైన, కొత్తవి కింద. లింగస్వామి లేచి ఏదో అనబోయాడు. మెడ తిరగక అటు ఎవరితో అంటున్నాడో అర్థం కాలేదు. భద్రమ్మ అతని చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. కోడిని మరునాడే కోసింది. ఇంట్లో ఉన్నదే, గుడ్లు మానేసినది.

రెండు రోజుల తరువాత, పొద్దు వాలుతుండగా, కర్ర చప్పుడు చేసుకుంటూ కాటమయ్య ఒక్కడే వచ్చాడు. దారి తడుముకుంటూ వచ్చినట్టున్నాడు, పంచె అంచు ముళ్ళకు చిరిగింది. ఏండ్ల తరబడి ఆయన ఆ వాకిట్లో కాలు పెట్టలేదు. అరుగు మీద కూర్చున్నాడు. భద్రమ్మ గుంజకు ఆనుకుని నిలబడింది. లింగస్వామి చేలోంచి ఇంకా రాలేదు.

ఏమైనా అంటాడేమో అనుకుంది. ఆయన కర్ర అటు ఇటు మార్చుకున్నాడు. చివరికి,

"జర నీళ్ళియ్యమ్మా" అన్నాడు.

భద్రమ్మ కదిలేలోపే లోపల నర్సి లేచింది. "నేను దెస్త" అంది. గోడ పట్టుకుని లేచిన చప్పుడు, చెంబు కుండకు తగిలిన చప్పుడు. తరువాత నడక.

ఆ నడక చప్పుడు మామూలు మనిషి అడుగుల్లా ఉండదు. ఒక పాదం ఈడ్చుకొచ్చి పడుతుంది, మోకాలు మోకాలికి రాసుకుంటుంది, ఒళ్ళు ఊగుతుంది, అప్పుడు రెండోది. ఊగిన ప్రతిసారీ చెంబులోంచి కొన్ని నీళ్ళు నేల మీద పడుతున్నాయి. కాటమయ్య మొహం ఆ చప్పుడు దిక్కుకు తిరిగింది. చూపు లేని మనిషి మొత్తం వింటున్నాడు. అర్ర దాటి, గడప దగ్గర ఆగి, గోడ పట్టుకుని దిగి, వాకిలి అడ్డంగా దాటి రావాలి. భద్రమ్మ పోయి చెంబు అందుకోవచ్చు. అందుకోలేదు. ఎందుకు అందుకోలేదో ఆమె అనుకోనూ లేదు. గుంజకు ఆనుకుని అలాగే నిలబడింది.

"తీస్కో తాతా" అంది నర్సి ఆయాసపడుతూ.

కాటమయ్య రెండు చేతులూ చాచి చెంబు అందుకున్నాడు. అందుకోవడంలో ఇంకొన్ని ఒలికాయి. అడుగున మిగిలినవి తాగాడు. తాగి, ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని, లేవకుండా కూర్చున్నాడు.

"ఇంక గావాల్నా?" అని అడిగింది నర్సి.

"వద్దు బిడ్డా" అన్నాడాయన. "మళ్ల నడువకు."

భద్రమ్మ ఆయన ఒళ్ళోంచి చెంబు తీసుకుని లోపలికి పోయింది. గడప నుంచి కుండ దాకా నేల మీద నీళ్ళ మరకలు. పొద్దంతా కాగిన నేల. అవి అప్పటికే ఆరిపోతున్నాయి. కుండ వంచి చూసింది. పొద్దుటికి సరిపోవు. చుట్ట కుదురు, కుండ తీసుకుని, కాటమయ్య ముందు నుంచే, ఎల్లమ్మబాయి దిక్కు నడిచింది.